ఉపగ్రహం మొత్తానికి జవాబుదారీ ఎవరు? బెంగళూరులో సిస్టమ్స్ ఇంజినీరు పని

2023 జూన్ నాటికే నాసా, ఇస్రోల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నైసార్ బెంగళూరులో పూర్తి రూపు దిద్దుకుంది. అమెరికా నుంచి వచ్చిన ఎల్ బ్యాండ్ రాడార్‌నూ, ఇస్రో తయారు చేసిన ఎస్ బ్యాండ్ రాడార్‌నూ మోసే భాగాన్ని ఉపగ్రహం ప్రధాన నిర్మాణంతో ఇక్కడే కలిపారు. అయినా అది శ్రీహరికోట నుంచి పైకి లేచింది 2025 జులై 30న. ఆ జాప్యానికి ఒక ముఖ్య కారణం 12 మీటర్ల వ్యాసం ఉన్న దాని యాంటెన్నా రిఫ్లెక్టర్. కక్ష్యలో విప్పేదాకా దాన్ని మడిచి కట్టి ఉంచుతారు. అలా మడిచి ఉన్న స్థితిలో, అంతకుముందు వేసిన అంచనా కన్నా ఎక్కువ వేడెక్కవచ్చని పరీక్షల్లో, లెక్కల్లో తేలింది. దాంతో రిఫ్లెక్టర్‌ను తిరిగి కాలిఫోర్నియాకు పంపి, ఎండను మరింతగా తిప్పికొట్టే పొర వేయించి, 2024 అక్టోబరులో మళ్లీ బెంగళూరుకు తెచ్చారు.

విప్పాక పనిచేయాల్సిన వస్తువుకు విప్పకముందే చిక్కు వచ్చిందన్నమాట. మడత ఎలా ఉంటుంది, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, విప్పేలోగా ఎన్ని రోజులు గడుస్తాయి అనేవి సాధారణంగా వేర్వేరు బృందాల చేతుల్లో ఉండే సంగతులు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కదానిలోనూ ప్రమాదం కనిపించదు. అన్నిటినీ ఒక్క చోట పెట్టి చూసినప్పుడే కనిపిస్తుంది. అలా ఒక్క చోట పెట్టి చూడటమే ఉపగ్రహ తయారీలో సిస్టమ్స్ ఇంజినీరు పని.

బెంగళూరులో ఈ పనిలో ఉన్న తెలుగువాళ్లలో నేనొకణ్ణి. సొంత ఊరికి వెళ్తే “ఉపగ్రహంలో నువ్వు చేసే భాగం ఏది?” అని అడుగుతారు. బ్యాటరీలు చేసేవాళ్లు బ్యాటరీని చూపించగలరు, కెమెరా చేసేవాళ్లు కెమెరాను చూపించగలరు. నాకు చేత్తో చూపించడానికి వస్తువంటూ లేదు. అందుకే పొలం భాషలో చెబుతాను. ఎవరి మడి వాళ్లు చక్కగా దున్నుకుంటారు, గట్టు తెగితే మాత్రం ఇద్దరి పంటా మునుగుతుంది. ఆ గట్లను చూసుకునే మనిషిని నేను. ఉపగ్రహాలు చెడిపోయిన చరిత్ర చదివినకొద్దీ నాకు బలపడిన నమ్మకం ఒకటే: పెద్ద నష్టాలు చాలావరకు భాగాల్లో కాక, భాగానికీ భాగానికీ మధ్య పుడతాయి.

ఈ పనికి బెంగళూరు కేంద్రం కావడం ఇప్పటి మాట కాదు. 1975 ఏప్రిల్ 19న నింగికెగిరిన ఆర్యభటను పీణ్య పారిశ్రామికవాడలోని షెడ్లలో తయారు చేశారు. ఇప్పుడు పాత విమానాశ్రయం రోడ్డులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో రూపకల్పన, మారతహళ్లి దగ్గరి ఐసైట్‌లో కూర్పు, పరీక్షలు, పీణ్యలోని ఇస్ట్రాక్ నుంచి నియంత్రణ జరుగుతాయి. ఆంధ్రా మెస్సులూ తెలుగు కుర్రాళ్లు నిండిన పీజీ హాస్టళ్లూ ఉన్న మారతహళ్లి నుంచి కాస్త దూరంలోనే ఉపగ్రహాలు పుడుతున్నాయని అక్కడ ఉండేవాళ్లలో ఎందరికో తెలియదు. 2020లో ప్రైవేటు సంస్థలకు అంతరిక్ష రంగం తలుపులు తెరిచాక నగరంలో ఈ ఉద్యోగాలు మరికొన్ని చోట్ల కూడా కనిపిస్తున్నాయి.

ఒక చుట్టు, 95 నిమిషాలు

ఈ పని ఎలా ఉంటుందో తెలియాలంటే లెక్క చేసి చూడటమే మేలు. కాగితం మీద ఒక చిన్న ఉపగ్రహాన్ని తీసుకుందాం. వాట్లు నేను ఉదాహరణకు ఎంచుకున్నవి. కక్ష్య మాత్రం చాలా ఉపగ్రహాలు నిజంగా తిరిగేదే. 500 కిలోమీటర్ల ఎత్తులో భూమిని ఒకసారి చుట్టడానికి సుమారు 95 నిమిషాలు పడుతుంది. అందులో దాదాపు 35 నిమిషాలు భూమి నీడలో గడుస్తాయి.

కంప్యూటర్, రిసీవర్, దిశను నిలబెట్టే చక్రాలు, హీటర్లు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. వాటికి 60 వాట్లు అనుకుందాం. కెమెరా చుట్టుకు 10 నిమిషాలు నడుస్తుంది, దానికి 90 వాట్లు. గ్రౌండ్ స్టేషన్ మీదుగా సాగే 8 నిమిషాల్లో బొమ్మలను కిందికి పంపే ట్రాన్స్‌మిటర్‌కు 40 వాట్లు. మొత్తం కలిపితే చుట్టుకు సుమారు 115 వాట్-అవర్లు. ఇదంతా ఎండ తగిలే ఆ 60 నిమిషాల్లోనే సంపాదించాలి. అంటే సౌర ఫలకాలు సగటున 115 వాట్లు ఇవ్వాలి. బ్యాటరీలోకి పోసి తీసేటప్పుడు పోయేది కొంత ఉంటుంది. రేడియేషన్ దెబ్బకు ఏటేటా ఫలకాల సత్తువ తగ్గుతుంది. కెమెరా భూమి వైపు చూస్తున్న నిమిషాల్లో ఫలకాలు సూర్యుడికి ఎదురుగా ఉండకపోవచ్చు. ఇవన్నీ కలుపుకుంటే 150 వాట్ల ఫలకాలు లేనిదే నాకు నిద్ర పట్టదు.

ఇక బ్యాటరీ. నీడలో 60 వాట్ల చొప్పున 35 నిమిషాలకు 35 వాట్-అవర్లు కావాలి. అంతే సామర్థ్యం ఉన్న బ్యాటరీ పెడితే సరిపోతుందా? సరిపోదు. రోజుకు 15 చుట్లు, అంటే ఏడాదిలో సుమారు 5,500 సార్లు అది తరుగుతూ నిండుతూ ఉంటుంది. ఐదేళ్లకు ఆ లెక్క 27,000 దాటుతుంది. అన్నిసార్లు తట్టుకోవాలంటే లిథియం అయాన్ బ్యాటరీలోంచి ప్రతిసారీ కొంచెమే తీసుకోవాలి. నాలుగో వంతు మాత్రమే వాడాలని నియమం పెట్టుకుంటే 140 వాట్-అవర్ల బ్యాటరీ కావాలి. అవసరానికి నాలుగు రెట్ల బరువు మోయడం చూసినవాళ్లకు వృథాగా తోస్తుంది. ఐదో ఏట ఉపగ్రహాన్ని బతికించేది ఆ బరువే.

ఇంతవరకు లెక్క సాఫీగా ఉంది. ఇప్పుడు కెమెరా బృందం ఒక కోరికతో వస్తుంది. నేల మీద 2 మీటర్ల వివరాన్ని చూపే బొమ్మకు బదులు 1 మీటరు వివరం చూపగలం, లెన్సు దొరికింది, పెట్టేద్దాం అంటుంది. వినడానికి మంచి మాటే. కానీ పొడవులో రెట్టింపు, వెడల్పులో రెట్టింపు కలిసి అదే నేలకు డేటా నాలుగు రెట్లు అవుతుంది. గ్రౌండ్ స్టేషన్ మీద దొరికే 8 నిమిషాలు మాత్రం 8 నిమిషాలే. డేటాను నాలుగు రెట్ల వేగంతో దింపాలి. అదే యాంటెన్నాతో అయితే ప్రసార శక్తి కూడా సుమారు నాలుగు రెట్లు కావాలి. ట్రాన్స్‌మిటర్ తీసుకునే విద్యుత్తులో పెద్ద వాటా వేడిగా మారుతుంది. శూన్యంలో గాలి లేదు కాబట్టి ఆ వేడిని చీకటి ఆకాశం వైపు తిరిగిన పలక ద్వారా వెదజల్లడం ఒక్కటే దారి. ఆ పలక మీద ఎండ పడకూడదు, ఫలకాల మీద ఎండ పడాలి. ఈ రెంటినీ కుదర్చడానికి ఉపగ్రహం నిలిచే తీరు మారాలి. ఫలకాలు పెద్దవైతే అవి తేలికగా ఊగుతాయి. బరువు పెరిగితే తిప్పడానికి పెద్ద చక్రాలు కావాలి, పెద్ద చక్రాల అదురూ పెద్దదే.

ఆ అదురు చివరికి చేరేది కెమెరాకే. 500 కిలోమీటర్ల పైనుంచి చూసినప్పుడు నేల మీద 1 మీటరు అంటే డిగ్రీలో సుమారు 8,700వ వంతు. బొమ్మ తీసే క్షణంలో ఉపగ్రహం అంత మాత్రం వణికినా, కొత్త లెన్సు తెచ్చిన స్పష్టత చెరిగిపోతుంది. మెరుగైన బొమ్మ కోసం మొదలైన కోరిక ఉపగ్రహమంతా తిరిగి మసక బొమ్మగా కెమెరా దగ్గరికే వచ్చింది. దారిలో కలిసిన బృందాల్లో ఎవరూ తప్పు చేయలేదు.

సిస్టమ్స్ ఇంజినీరు ఇక్కడ ‘వద్దు’ అని కూర్చుంటే పని సాగదు. ఇంకో గ్రౌండ్ స్టేషన్ అద్దెకు తీసుకుంటే పాస్‌లు, అంటే ఉపగ్రహం స్టేషన్ మీదుగా సాగే సార్లు, పెరుగుతాయా? ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్య అయితే ధ్రువాల దగ్గరి స్టేషన్ దాదాపు ప్రతి చుట్టులోనూ ఉపగ్రహాన్ని చూడగలదు. డేటాను పైనే కుదించి పంపవచ్చా? అన్ని చోట్లా కాకుండా అడిగిన చోటే సన్నని బొమ్మ తీస్తే చాలా? అన్నిటికన్నా ముందు అడగాల్సింది మరొకటి ఉంది: బొమ్మను వాడుకునే మనిషికి కావలసింది ఏమిటి? పంట తెగులు పట్టుకోవడమే లక్ష్యమైతే పిక్సెల్ సన్నదనం కన్నా ఎక్కువ రంగు పట్టీల్లో చూడటం పనికొస్తుంది. బెంగళూరుకు చెందిన పిక్సెల్ (Pixxel) అనే సంస్థ 2025 జనవరిలో పంపిన ఫైర్‌ఫ్లై ఉపగ్రహాలు ఆ దారి పట్టినవే. వాటి వివరం 5 మీటర్లు, బలమంతా వాటి కెమెరా వేరు చేసి చూడగల రంగు పట్టీల్లో ఉంది. అడిగింది వేరు, అవసరం వేరు కావచ్చు. మొదటి నెలల్లోనే ఆ తేడా పట్టుకుంటే దాని ఖర్చు ఒక మధ్యాహ్నపు సమావేశం. లోహం కోశాక పట్టుకుంటే ఏడాది పోతుంది.

తీగ అతికే చోట

గట్లలో అతి చిన్నది కనెక్టర్. తొమ్మిది పిన్నుల కనెక్టర్‌ను ముందు నుంచి చూస్తే ఒకటో పిన్ను ఒక చివర ఉంటుంది. తీగ అతికే వెనుక వైపు నుంచి చూస్తే అదే పిన్ను రెండో చివరకు వస్తుంది. బొమ్మ గీసినవాళ్లు ఏ వైపు నుంచి చూసి గీశారో రాయలేదనుకోండి. తీగల కట్ట చేసేవాళ్లు రెండో వైపు అనుకుంటే ఒకటో పిన్నుకు రావాల్సిన 28 వోల్టులు ఐదో పిన్నుకు చేరతాయి. బొమ్మ సరైనదే, అతుకూ సరైనదే, పెట్టె మాత్రం కాలిపోతుంది. అందుకే ఏ రెండు పెట్టెలనైనా మొదటిసారి కలిపే ముందు మధ్యలో ప్రతి పిన్నునూ విడిగా కొలవనిచ్చే బ్రేక్‌అవుట్ బాక్స్ పెట్టి, ఒక్కో పిన్నునూ మీటరుతో కొలిచి, ఒకరు చదువుతుంటే మరొకరు రాస్తారు. కనెక్టర్‌ను ఎన్నిసార్లు తగిలించారో, ఎన్నిసార్లు ఊడదీశారో కూడా పుస్తకంలో ఎక్కుతుంది, ఎందుకంటే ప్రతి తగిలింపుకూ పిన్నులు అరుగుతాయి. కొత్తగా చేరినవాళ్లకు ఇది విసుగు పుట్టించే పని. నాకు మాత్రం ఉపగ్రహాన్ని ప్రేమించడం అంటే ఇదే అనిపిస్తుంది.

ఒక గుర్తు తారుమారైతే ఏమవుతుందో 1999 మేలో ఎగిరిన టెరియర్స్ అనే అమెరికా ఉపగ్రహం చూపించింది. దిశను సరిదిద్దే అయస్కాంత చుట్టల్లో ఒకదానికి ప్లస్, మైనస్ తలకిందులయ్యాయి. సౌర ఫలకం సూర్యుడి వైపు తిరగలేదు, బ్యాటరీ అయిపోయింది, కథ ముగిసింది. చుట్ట పనిచేస్తోంది, సాఫ్ట్‌వేర్ కూడా పనిచేస్తోంది. రెండూ కలిసి ఏ దిశకు నెడుతున్నాయన్నదే తేడా పడింది.

అదే ఏడాది సెప్టెంబరు 23న నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది. నౌకను తయారు చేసినవారి సాఫ్ట్‌వేర్ చిన్న రాకెట్ల తోపును పౌండ్-సెకన్లలో లెక్కించి ఇచ్చింది. దారి లెక్కించేవారు ఆ అంకెలను న్యూటన్-సెకన్లు అనుకున్నారు. తేడా 4.45 రెట్లు. అంగారకుడికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున సాగాల్సిన నౌక 57 కిలోమీటర్లకు దిగిపోయింది. ఈ కథను యూనిట్ల పొరపాటుగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నాకు అది సగమే అనిపిస్తుంది. మెట్రిక్ కొలతలే వాడాలని ఇంటర్‌ఫేస్ పత్రంలో, అంటే రెండు బృందాల మధ్య ఇచ్చిపుచ్చుకునేవాటిని నిర్ణయించే పత్రంలో, రాసే ఉంది. ప్రయాణం మధ్యలో అంకెలు పొసగడం లేదని కొందరికి అనుమానం కూడా వచ్చింది. ఆ అనుమానం మాటల్లో ఉండిపోయింది, పద్ధతి ప్రకారం నమోదు కాలేదు. అందుకే మంచి ప్రాజెక్టులో ప్రతి అనుమానానికీ ఒక నంబరు, ఒక బాధ్యుడు, ముగించిన తేదీ, సంతకం ఉంటాయి. బయటివాళ్లకు ఇదంతా ప్రభుత్వ ఫైళ్ల గోలలా కనిపించవచ్చు. ఆ నంబరు లేకపోతే కుర్ర ఇంజినీరు అనుమానం పెద్దవాళ్ల నమ్మకం ముందు నిలబడదు.

మిగులు ఎవరి దగ్గర ఉంది?

మేం రోజంతా వాడే మాట మార్జిన్. అనుకున్నదానికీ తట్టుకోగలిగినదానికీ మధ్య ఉంచుకునే జాగా అది. దాని విలువ చంద్రయాన్-2, చంద్రయాన్-3 పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసినంత బాగా ఎక్కడా తెలియదు.

2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూలిన తీరును, 2023లో ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న ఎస్. సోమనాథ్ ఆ ఏడాది బహిరంగంగానే వివరించారు. ఇంజిన్లు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ తోపు ఇచ్చాయి. దిశ మార్చకుండా సాగిన దశలో ఆ తేడాలు పోగుపడ్డాయి. ఆ తర్వాత వేగంగా తిరిగి సరిదిద్దుకోవాల్సి వచ్చింది, కానీ తిరిగే వేగానికి పరిమితి ఉంది. దిగాల్సిన చోటు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు మాత్రమే కావడంతో అక్కడికి చేరే ప్రయత్నంలో నౌక వేగం పెంచుకుంది. వీటిలో ఒక్కొక్కటీ విడిగా వస్తే తట్టుకోదగ్గదే. ఒకదాని తర్వాత ఒకటి వచ్చేసరికి జాగా అయిపోయింది.

పి. వీరముత్తువేల్ ప్రాజెక్టు డైరెక్టరుగా, తెలుగు ఇంజినీరు కె. కల్పన అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరుగా సాగిన చంద్రయాన్-3లో ఒక్క లోపాన్ని సరిచేసి ఊరుకోలేదు. దిగే ప్రాంతాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. కాళ్లను బలపరచి, సెకనుకు 3 మీటర్ల వేగంతో నేలను తాకినా తట్టుకునేలా చేశారు. ఇంధనం పెంచారు, మధ్యలోని అయిదో ఇంజిన్‌ను తీసేశారు, వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరాన్ని జోడించారు. ఏది తప్పినా మిగతావి ఆదుకునేలా అన్ని వైపులా జాగా పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం అందరం టీవీల ముందు చూసింది ఆ జాగానే.

ఈ మిగులు ఊరికే రాదు. కొత్త డిజైన్‌లో మొదట బరువుకు ఇరవై శాతం దాకా అదనంగా పట్టుకుంటారు, కొలతలు నిజమయ్యేకొద్దీ తగ్గిస్తారు. చిక్కేమిటంటే ప్రతి బృందమూ భయంతో తన అంకెలో కొంత దాచుకుంటుంది. పవర్‌వాళ్లు పది శాతం, నిర్మాణంవాళ్లు పది శాతం, హీటర్లవాళ్లు ఇంకొంచెం. అన్నీ కలిపితే రాకెట్ మోయలేని బరువు కాగితం మీద తేలుతుంది, నిజానికి అందులో సగం దాపరికం. ఎవరి దగ్గర ఎంత మిగులు ఉందో చెప్పించడానికి లెక్కల కన్నా నమ్మకం ఎక్కువ అవసరం. చెప్పినవాళ్లను తర్వాతి సమావేశంలో నిలదీస్తే ఇంకెప్పుడూ చెప్పరు. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది ఇదే.

పరీక్షల గురించి ఒక్కటి చెబుతాను. ఉపగ్రహాన్ని వైబ్రేషన్ టేబుల్ మీద బిగించి, రాకెట్ కుదుపులంత గట్టిగా ఊపే ముందు ఒకసారి చాలా మెల్లగా ఊపి, ఏ పౌనఃపున్యాల దగ్గర ఎక్కువగా ఊగుతోందో గ్రాఫు తీస్తారు. గట్టిగా ఊపాక మళ్లీ మెల్లగా ఊపి ఇంకో గ్రాఫు తీస్తారు. రెండూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటే ఉపగ్రహం క్షేమం. ఒక శిఖరం పక్కకు జరిగితే లోపల ఏదో సడలినట్టు. ఒక మరమేకు కావచ్చు, జిగురు వదిలిన పలక కావచ్చు. తెరిచి చూడకుండానే లోపలి సంగతి చెప్పే ఆ రెండు గీతలను చూడటానికి అర్ధరాత్రి అయినా అందరూ తెర చుట్టూ నిలబడతారు. తర్వాత థర్మోవ్యాక్ గదిలో రోజుల తరబడి శూన్యం, చలి, వేడి. తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం, హిందీ కలగలిపి మాట్లాడుకుంటూ షిఫ్టుల్లో కాపలా కాస్తారు.

ఈ దారిలోకి రావాలనుకునే మన విద్యార్థులకు నా సలహా, మొదటి రోజే సిస్టమ్స్ ఇంజినీరు కావాలని తొందరపడవద్దని. ఎలక్ట్రానిక్స్, మెకానికల్, ఏరోస్పేస్, ఏ శాఖ చదివినా పర్వాలేదు. ముందు ఒక భాగాన్ని చేతులతో చేసి, అది చెడిపోవడం చూసి, సరిచేసిన అనుభవం ఉండాలి. ఒక్క పెట్టెకైనా పూర్తి బాధ్యత మోయనివాళ్లు పది పెట్టెల మధ్య తీర్పు చెబితే ఎవరూ వినరు. ఇస్రో నియామక పరీక్షలు, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ, బెంగళూరు, హైదరాబాదుల్లోని ప్రైవేటు సంస్థలు, ఇవన్నీ తెలిసిన దారులే. కాలేజీ రోజుల్లో దొరికే మంచి బడి మాత్రం విద్యార్థి ఉపగ్రహం. బెంగళూరు, హైదరాబాదు ప్రాంతాల ఏడు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు కలిసి చేసిన స్టడ్‌శాట్ 2010 జులై 12న పీఎస్ఎల్‌వీ మీద ఎగిరింది. బరువు కిలో కూడా లేదు. అయినా అందులో విద్యుత్తు, వేడి, ప్రసారం, దిశ అన్నీ ఉన్నాయి. నలుగురు ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకోక తప్పదు కాబట్టి అక్కడ గట్లు బాగా కనిపిస్తాయి.

ఉద్యోగానికి వచ్చినవాళ్లకు ముఖాముఖిలో నేను ఇచ్చేది పైన చెప్పిన 95 నిమిషాల లెక్కే. బోర్డు మీద చేయమంటాను. చాలామంది 115 వాట్-అవర్ల దాకా బాగానే వస్తారు. కొందరు అక్కడ ఆగి ఒక ప్రశ్న వేస్తారు: నీడలో చలికి హీటర్లు ఎక్కువసేపు నడుస్తాయి కదా, ఎండలోనూ నీడలోనూ అదే 60 వాట్లు ఎలా తీసుకున్నారు? ఆ ప్రశ్న వేసినవాళ్లకు కుర్చీ చూపించి, థర్మల్ బృందాన్ని కూడా గదిలోకి పిలుస్తాను.